రేకుల గదిలో మసిబిళ్ళ

నేను ఒక మసి మరకను. మొదట్లోనే ఇంత మాట చెప్పేసిందేమిటని నవ్వకండి. పుట్టుక దాచుకునే జాతి కాదు మాది. దాచుకుందామన్నా రంగు ఊరుకోదు. మసి పూసి మారేడుకాయ చేయడమని మీరు మా పేరు మీద ఒక మాట కట్టి తరాల తరబడి వాడుకుంటున్నారు. మోసం చేసేది మీరు, చెడ్డపేరు మాకు. సరే, పోనివ్వండి. నన్ను నిజంగానే ఒక కాగితం ముక్క మీద పూసి ఏం చేశారో చెబుతాను, తీరికుంటే వినండి.

పోస్టుకార్డులో నాలుగో వంతు కూడా ఉండని దళసరి కాగితం అది. దాని మీద పెన్సిలుతో గీసిన రెండు దువ్వెనలు, ఒకదాని పళ్ళ సందుల్లో ఇంకొకదాని పళ్ళు పెట్టుకుని ఎదురెదురుగా ఉంటాయి. వాటి మధ్య నల్లగా నేను. నా నుంచి రెండు సన్నని తీగలు అగ్గిపెట్టెంత డబ్బాలోకి వెళతాయి. డబ్బాలో ఒక బొత్తాం బ్యాటరీ, డబ్బా మీద ఒక ఎర్రదీపం, ఒక పచ్చదీపం. నా ఆస్తి మొత్తం ఇంతే. గాలిలో తడి ఎంతుందో కనిపెట్టడం నా పని.

నా పుట్టిల్లు ఒక కుండ. గోదావరి కాలవ పక్కన ములగగట్టు అనే ఊళ్ళో, వరహాలు అనే ఆవిడ పొయ్యి మీద బోర్లించిన కుండ అది. పూతరేకులు తినడం మీ అందరికీ తెలుసు గానీ రేకు ఎలా పుడుతుందో చూసినవాళ్ళు తక్కువ. కుండ పక్కనుండే నోట్లోంచి ఎండు కొబ్బరాకులు తోసి లోపల మంట పెడతారు. నానిన బియ్యాన్ని పాలలా పల్చగా రుబ్బి, ఆ పిండిలో గుడ్డ ముంచి, కాలిన కుండ వీపు మీద ఒక్కసారి లాగుతారు. గుడ్డ అటు దాటేలోపు ఇటు రేకు ఆరిపోయి, అంచు లేచి, ఇక తీసుకో అన్నట్టు చూస్తుంది. కుండ వీపు మీద తెల్లగా రేకు పుడుతున్న ఆ క్షణానే, కుండ కడుపులో నల్లగా నేను పుట్టేదాన్ని. ఇద్దరం ఒకే మంట పిల్లలం. దానికి నెయ్యి, బెల్లం, పెళ్ళిపందిళ్ళు. నాకు చీపురుపుల్ల. అయినా రేకు మీద నాకెప్పుడూ అసూయ లేదు, ఎందుకంటే దాని బతుకు ఒక్క నములుకు సరి.

ఆ కుండంటే వరహాలుకు ప్రాణం. రేకుల కుండ కొనగానే పనికిరాదు. నూనె రాసి, కాల్చి, మళ్ళీ రాసి, ఏళ్ళ తరబడి పండించాలి. అప్పుడే వీపు అద్దంలా అయ్యి రేకును చిరగకుండా వదులుతుంది. వరహాలు కుండ వయసు ఇరవై రెండేళ్ళు. పెళ్ళినాటి నగలు తాకట్టుకు వెళ్ళాయి గానీ కుండను ఇంకొకరు ముట్టుకోవడానికి కూడా ఆవిడ ఒప్పుకోలేదు.

వరహాలు కూతురు సుజన. విశ్వవిద్యాలయంలో పరిశోధన చేసే పిల్ల. తడిని కనిపెట్టే సాధనాన్ని పేదవాళ్ళు కూడా కొనగలిగేంత చవగ్గా చేయాలన్నది ఆమె పని. చవకైన సాధనం కోసం మొదట తెప్పించినది విదేశాల నుంచి వచ్చిన చిటికెడు కార్బన్ నానోట్యూబులు, కంటికి ఆనని బొగ్గు గొట్టాలు. ఆ సీసా ఖరీదుకు ఒక పాడిగేదె వస్తుందట. మనుషుల చవక ఎప్పుడూ అలాగే మొదలవుతుంది. వాళ్ళ ఆచార్యులవారు బిల్లు చూసి, "అమ్మా, ఇంతకంటే చవకైన కార్బన్ ఎక్కడా దొరకదా?" అని అడిగారు. వేసవి సెలవులకు ఇంటికొచ్చిన సుజన, పొయ్యి ముందు కూర్చున్న తల్లిని చూస్తూ చూస్తూ, చెంచా తెచ్చి కుండ లోపల చెయ్యి పెట్టింది.

"ఓసే, ఏంటే ఆ పని! కుండ పాడవుద్ది!"

"కుండ జోలికెళ్ళనమ్మా. లోపల మసి చెంచాడు చాలు నాకు."

"అంత చదువు చదివి, మసి గీక్కోడానికొచ్చావేంటే? ఊళ్ళోవోళ్ళు వింటే నవ్వుతారు. ఎల్లి చేతులు కడుక్కో."

సుజన చేతులు కడుక్కుంది గానీ నన్ను ఒక మందుసీసాలో పోసుకున్నాకే కడుక్కుంది. అలా నేను ఊరు దాటాను.

ప్రయోగశాలలో మొదట నాకు స్నానాలు. కడిగారు, వడగట్టారు, ఆరబెట్టారు, మళ్ళీ కడిగారు. పుట్టి బుద్ధెరిగాక నన్ను ఎవరైనా కడగడం అదే మొదలు. అందరూ ఇతర వస్తువుల మీంచి నన్ను కడిగి పారేసేవాళ్ళే. తర్వాత పెద్ద యంత్రం కింద పెట్టి చూశారు. మీ వెంట్రుకను నిలువునా వెయ్యి చీలికలు చేసి, ఒక చీలికను మళ్ళీ సగం చేస్తే ఎంతో, నాలో ఒక్కో రేణువు అంత ఉందని తేలింది. సుజన ఆ బొమ్మ చూసి కుర్చీలోంచి లేచి నిలబడింది. ఇరవై రెండేళ్ళు వాళ్ళమ్మ చీపురుతో ఊడ్చి పారబోసింది ఇదన్నమాట.

కాగితం మీద పూసిన మేము నలభై మందిమి. రకరకాల ఉప్పునీళ్ళు పోసిన సీసాల్లో మమ్మల్ని మూతపెట్టి కూర్చోబెట్టారు. ఒక్కో సీసాలో గాలికి ఒక్కో తడి. తడి తగిలితే కాగితం ఉబ్బుతుంది, మా రేణువులు కొంచెం ఎడమవుతాయి, కరెంటుకు దాటడం కష్టమవుతుంది. ఎంత కష్టమైందో కొలిస్తే తడి ఎంతో తెలుస్తుంది. పొడిగా ఉన్నంతసేపు ఎర్రదీపం, కావలసినంత తడి రాగానే పచ్చదీపం. ఇందులో మాయ ఏమీ లేదు. వేసవిలో ఎండిన తలుపు వానాకాలంలో బిగిసిపోవడం లాంటిదే. విదేశీ సీసావారు మా పక్క సీసాల్లోనే ఉండేవారు. వాళ్ళు మాకంటే చురుకైనవాళ్ళు, నిజం ఒప్పుకోవాలి. కానీ చురుకుదనానికి పెట్టినంత ధర నిదానానికి పెట్టనక్కర్లేదు కదా. నలభై మందిలో మాట నిలకడగా చెప్పినది నేనని సుజన నన్ను ఏరింది.

దసరా దాటాక పట్టిన జోరువానల్లో నన్ను తీసుకుని సుజన ములగగట్టు వచ్చింది. పుట్టిల్లు చూస్తానని ఎంత సంబరపడ్డానో చెప్పలేను. వచ్చి చూస్తే పొయ్యి మీద కొత్త కుండ కూర్చుని ఉంది.

పాతదాన్ని వరహాలు తన చేత్తోనే కాలవలో పారేసిందట. ఏడాదిన్నరగా తన రేకులు విరుగుతున్నాయని పేరొచ్చింది. చుట్టేటప్పుడు పటుక్కున విరిగిపోతున్నాయి. బియ్యం మార్చింది, పిండి పాళ్ళు మార్చింది, మంట తగ్గించింది. ఏం చేసినా విరుగుతూనే ఉన్నాయి. చివరికి కుండకే వయసైపోయిందని అనుకుంది. పారేసి వచ్చాక రెండు పూటలు అన్నం ముట్టలేదట. నాకు కన్నతల్లి లాంటి కుండ. నాకూ దుఃఖం వచ్చింది. మసికి దుఃఖమేమిటని మీరనుకుంటే అది మీ ఇష్టం.

రేకులు విరుగుతున్నాయని చెప్పింది సూరాయమ్మ. ఈవిడ వరహాలుకు వదిన, అన్నగారి భార్య. పెరడు దాటితే వాళ్ళిల్లు. రేకులు తీయడం వరహాలు పని, చుట్టడం సూరాయమ్మ పని. ముప్పై ఐదేళ్ళుగా ఇదే ఏర్పాటు. చుట్టడం రేకు తీసినంత కష్టం కాదనుకునేరు. అప్పుడే తీసిన రేకు ఎండుటాకులాంటిది, వంచితే విరుగుతుంది. తడిపి పిండిన నూలుగుడ్డ కింద కాసేపు ఉంచితే మెత్తబడుతుంది. ఆ మెత్తదనం ఇంకాస్త ఎక్కువైతే పేస్టులా చేతికి అంటుకుంటుంది. ఆ రెండింటి మధ్య ఒక చిన్న సమయం ఉంది. సూరాయమ్మ వేలి కొసలకు ఆ సమయం తెలుసు. గుడ్డ అంచు ఎత్తి ఒక్క వేలు ఆనించి, కబుర్లు ఆపకుండానే, చుట్టడం మొదలుపెట్టేది. కోనసీమలో శుభలేఖలు వేసేవాళ్ళు ముహూర్తం పెట్టుకున్నాక మొదట సూరాయమ్మ తీరిక కనుక్కునేవారని చెప్పుకుంటారు. కొంచెం అతిశయం ఉంది గానీ అబద్ధం లేదు.

నన్ను రేకుల డబ్బాలో పెట్టి, వానాకాలం రేకులకు తడి ఎక్కుతోందేమో చూడాలని సుజన ఉద్దేశం. సూరాయమ్మ నన్ను అటూ ఇటూ తిప్పి చూసి, ఇంకో సంగతి అడిగింది.

"ఏవే సుజనా, ఈ మసిబిళ్ళని గుడ్డ కింద పెడితే, రేకు మెత్తబడ్డాదో లేదో చెబుతాదేంటే?"

"చెబుతాదత్తా. ఎంత తడికి పచ్చదీపం ఎలగాలో మనం దీనికి నేర్పాలి. నువ్వు రేకు పట్టుకుని, సరిపోయిందన్నప్పుడు చెప్పు, నేను గుర్తు పెట్టుకుంటాను."

సూరాయమ్మ చెయ్యి చీరకొంగులోకి వెళ్ళింది. "నన్నెందుకే, మీ అమ్మనడుగు. రేకు దానిది కదా" అంది.

వరహాలుకు ఆ మాట గౌరవంగా తోచింది. ఏడాదిన్నర తర్వాత వదిన నోట తన రేకు గురించి వచ్చిన మంచిమాట అది. రోజంతా కూర్చుని, గుడ్డ కింద వేలు పెట్టి, సరిపోయినప్పుడల్లా "చాలు" అంది. ముప్పైసార్లు అడిగితే ముప్పైసార్లూ ఒకే తడి దగ్గర అంది. నాలో ఉన్న కొలత అలా వరహాలు వేలిది. అది ఆవిడకూ తెలియదు, సూరాయమ్మకూ తట్టలేదు. సుజన నన్ను సూరాయమ్మకు అప్పగించి, సెలవు ముగించుకుని వెళ్ళిపోయింది.

సూరాయమ్మ చెయ్యి కొంగులోకి ఎందుకు వెళ్ళిందో నాకు నాలుగో రోజున తెలిసింది. సూరాయమ్మ ఇంట్లో, పూతరేకులు చుట్టే రేకుల గదిలో ఆవిడా నేనూ తప్ప ఎవరూ లేరు. పిన్నీసు తీసి, మొహం కిటికీవైపు తిప్పుకుని, చూపుడువేలి కొస మీద గుచ్చుకుంది. తర్వాత మొహం తిప్పి, రక్తం చూసి, అప్పుడు గుచ్చుకుందని తెలుసుకుంది. జీవితమంతా బెల్లప్పొడి చల్లిన మనిషికి చక్కెర జబ్బు. రాజోలు డాక్టరుగారు నరాలు మొద్దుబారాయని చెప్పి రెండేళ్ళయింది. వేళ్ళు పనిచేస్తాయి, మడుస్తాయి, ముడివేస్తాయి. తాకిన సంగతి మాత్రం చెప్పవు.

అంటే రేకులు విరిగింది వరహాలు కుండ వల్ల కాదు, మెత్తబడకముందే ఈవిడ చుట్టడం వల్ల. ఆ మాట బయటపెడితే సూరాయమ్మ పీట మీంచి లేవాలి. కోడలు ఎప్పటినుంచో "ఇంక చాలత్తా, కూర్చోండి" అంటూనే ఉంది. పూతరేకులు చుట్టని రోజున సూరాయమ్మ అంటే ఎవరు? ఊళ్ళో సూరాయమ్మలు నలుగురున్నారు. ఆ భయంతో ఒకసారి "నీ రేకు గట్టిపడ్డాదే" అని నోరు జారింది. నోరు జారిన మాట నిలబెట్టుకోవడానికి తర్వాత వందసార్లు అదే అంది. కుండ కాలవలో పడ్డనాడు ఆవిడా అన్నం తినలేదు. ఇంట్లోవాళ్ళు ఆడపడుచు మీద ప్రేమనుకున్నారు. ప్రేమే, కాకపోతే తప్పు చేసిన ప్రేమ.

ఇవన్నీ నాకు ఆవిడ చెప్పలేదు. పనిచేసుకుంటూ తనలో తను గొణుక్కునేది, నేను వినేదాన్ని. మనుషులు వస్తువుల ముందు ఎంత నిజం మాట్లాడతారో మీకు తెలిస్తే, వస్తువుల్ని కొనడం మానేస్తారు.

ఆ తర్వాతి ఏడాది నా బతుకులో బంగారుకాలం. ఇప్పటికీ తలుచుకుంటే కడుపు నిండుతుంది. తెల్లవారగానే గుడ్డ తడిపి పిండేది. ఒకపక్క రేకుల దొంతర, ఇంకోపక్క గుడ్డ ఆనకుండా అంచున్న స్టీలుమూత మీద నేను, దీపాల డబ్బా మాత్రం బయట, ఇద్దరి మీదా ఒకే తడిగుడ్డ దుప్పటి. తోబుట్టువుల్లా పడుకునేవాళ్ళం. చీకటిగా, చల్లగా, బియ్యపు వాసన వేస్తూ ఉండేది ఆ దుప్పటి కింద. తడి మెల్లగా మా ఇద్దరిలోకీ దిగేది. రేకు మెత్తబడే క్షణానే నా పచ్చదీపం వెలిగేది. సూరాయమ్మ ఓరగా చూసి, ఎవరైనా గదిలో ఉంటే కావాలని వేలు ఆనించి, "ఆఁ, అయిపోయింది" అనేది. దొంగ! నాకు నవ్వొచ్చేది. మళ్ళీ జాలేసేది.

ఒక్క రేకు విరగలేదు. ఒక్కటి అంటుకోలేదు. పెళ్ళివాళ్ళు మళ్ళీ వరుసలో నిలబడ్డారు. వరహాలైతే కొత్త కుండ ఆర్నెల్లకే పండిందని ఊరంతా చాటింది. "పాతదానికి కాలం చెల్లిపోయిందంతే, నేనే కాస్త ముందే పారేయాల్సింది" అని ఆవిడ అన్నప్పుడల్లా సూరాయమ్మ నేతిగిన్నెలోకి చూస్తూ ఉండిపోయేది. ఒకటి రెండుసార్లు "వరాలూ" అని మొదలుపెట్టింది కూడా. వరహాలు "ఏంటొదినా?" అనగానే, "ఏంలేదే, నెయ్యి తే" అని ఊరుకుంది.

ఇలా ఉండగా దసరా వచ్చింది.

పనిచేసి పెట్టే సాధనాన్ని ఏడాదికోసారి దేవుణ్ణి చేయడం మీ అలవాటు. కత్తిపీటకు, కుట్టుమిషనుకు, స్కూటరుకు, చివరికి తాళంకప్పకు కూడా బొట్టు పెడతారు. ఆ రోజు సూరాయమ్మ తలంటి పోసుకుని, కొత్తచీర కట్టుకుని, రేకుల గది కడిగి, ముగ్గేసి, పీటను, నేతిగిన్నెను, జల్లెడను వరుసగా పెట్టింది. అన్నిటికంటే ముందు, తమలపాకు మీద, నన్ను కూర్చోబెట్టింది. సుజన ఏం చెప్పింది? చేత్తో తాకొద్దు, నీళ్ళు తగలనివ్వొద్దు, దానికి ఆవిరి చాలు అంది. సూరాయమ్మ అది మరిచిపోలేదు. కానీ అన్ని సాధనాలకూ బొట్టు పెట్టి, తన పరువు నిలబెట్టిన దానికి మాత్రం పెట్టకుండా ఎలా ఉంటుంది? అది ఆవిడ మనసుకు ఒప్పలేదు. గిన్నెలో పసుపు తడిపింది. నా నల్లటి మొహం నిండా పూసింది. మధ్యలో కుంకుమ పెట్టింది. పూవు పెట్టింది. కళ్ళకద్దుకుని, "తల్లీ, నువ్వు లేకపోతే నేనేమైపోదునే" అంది.

నాకు అంతటి మర్యాద ఎవరూ చేయలేదు. మునుపు నన్ను పూశారు, ఇప్పుడు నా మీద పూశారు. ఆ తడి నాలోకి ఇంకుతుంటే, పసుపు కుంకుమల్లోని సున్నమూ, వాటితో వచ్చిన ఉప్పూ నా రేణువుల సందుల్లో చేరాయి. కరెంటుకు ఇప్పుడు ఎడం లేదు. అడ్డమైనచోటల్లా వంతెన పడింది. ఎంత తడి తగిలినా కరెంటు సుఖంగా దాటిపోతోంది, ఎర్రదీపం ఆరడం లేదు. అంటే నేను ఇక "ఇంకా పొడిగానే ఉంది, ఇంకా పొడిగానే ఉంది" అని తప్ప ఇంకో మాట చెప్పలేను. అరవడానికి నాకు నోరు లేదు.

మర్నాడు గృహప్రవేశం వాళ్ళకు ఐదు వందల పూతరేకులు. దసరాకు వచ్చిన సుజన నేనెలా ఉన్నానో చూద్దామని ఉదయాన్నే రేకుల గదిలోకి వచ్చి గుమ్మం దగ్గర కూర్చుంది. వరహాలు దొంతర్లు మోసుకొచ్చి పెట్టింది. సూరాయమ్మ గుడ్డ కప్పింది. ఎదురుచూసింది. ఎర్రదీపం. ఇంకొంచెం నీళ్ళు చిలకరించింది. ఎర్రదీపం. గుడ్డను మళ్ళీ తడిపి, ఈసారి సరిగా పిండకుండా కప్పింది. ఎర్రదీపమే.

"అదేంటొదినా, అంత తడా?" అంది వరహాలు.

"నీ రేకు గట్టిదే ఇయాళ" అంది సూరాయమ్మ, అలవాటు కొద్దీ. అని, గుడ్డ కింద వేలు పెట్టి చూసింది. పెట్టిన వేలు ఏం చెబుతుంది? "ఇంకా మెత్తబళ్ళేదు" అంది.

వరహాలు వంగి గుడ్డ లాగేసింది. కింద రేకులు లేవు. తెల్లటి జావలాంటి ముద్ద ఉంది. సూరాయమ్మ వేలు ఆ ముద్దలో కణుపు దాకా దిగి ఉంది. ఆవిడ ఇంకా దీపంవైపే చూస్తోంది.

సుజన మెల్లగా లేచి వచ్చి, ఆ చెయ్యి తీసి తన చేతిలో పెట్టుకుంది. "అత్తా, చేతికి తెలవట్లేదా నీకు?"

అబద్ధం చెప్పడానికి సూరాయమ్మకు అప్పటికీ వీలుంది. మసిబిళ్ళ పాడైందని నా మీద తోసేస్తే సరిపోయేది, నిజానికి అది సగం నిజం కూడా. ఆవిడ నావైపు చూసింది. తర్వాత వరహాలువైపు చూసింది.

"మూడేళ్ళయ్యిందే" అంది. "నీ రేకు ఎప్పుడూ బాగానే ఉంది వరాలూ. కుండ కూడా బాగానే ఉంది. నా చెయ్యే."

ఇక్కడ ఆవిడ కన్నీటిబొట్టు నా మీద పడిందని, ఆ తడికి నాలో పచ్చదీపం వెలిగిందని చెబితే మీకు నచ్చుతుందని తెలుసు. పడలేదు. వెలగలేదు. వరహాలు నుంచున్నచోటే నుంచుని, "ఇరవై రెండేళ్ళ కుండ వదినా" అంది. ఆ ఒక్కమాట అని, కాళ్ళకు చెప్పులు కూడా వేసుకోకుండా పెరడు దాటి వెళ్ళిపోయింది.

ఆ పూట ఐదు వందలూ ఎలా పూర్తయ్యాయో అడగకండి. సుజన వేలు పెట్టి చూస్తూ, సూరాయమ్మ చుడుతూ, సగం సరుకు పాడుచేసి, సాయంత్రానికి ఎలాగో ముగించారు. సుజనకు తడి గురించి పుస్తకమంత తెలుసు గానీ రేకు గురించి తెలియదని ఆ రోజు తేలింది. ఆ పిల్ల నన్ను కడిగి చూసింది, ఆరబెట్టి చూసింది, లాభం లేకపోయింది. తిట్టలేదు. "తప్పు నాదేనత్తా, బొట్టు పెడతావని నాకు తట్టాలి కదా" అంది. కొత్తదాన్ని, ఆవిరి మాత్రం దూరే పల్చటి తొడుగు వేసినదాన్ని, చేసి పంపుతానని చెప్పి బస్సెక్కింది. నన్ను కిటికీ పక్కన మేకుకు తగిలించారు.

మర్నాడు సూరాయమ్మ రేకుల గది తలుపు తీయలేదు. ఆ మర్నాడూ తీయలేదు. మూడోనాడు తీసి, పీట వేసుకుని, ఊరికే కూర్చుంది. కాసేపటికి పెరడువైపునుంచి అడుగుల చప్పుడైంది. వరహాలు దొంతర తెచ్చి దింపింది. వెళ్ళలేదు. ఎదురుగా ఇంకో పీట వాల్చుకుని, గుడ్డ తడిపి, పిండి, కప్పి, మొహం గోడవైపు తిప్పుకుని, గుడ్డ కింద వేలు పెట్టుకుని కూర్చుంది. కొంతసేపటికి "ఊఁ" అంది.

సూరాయమ్మ రేకు తీసింది. నెయ్యి రాసి, బెల్లప్పొడి చల్లి, చుట్టింది. విరగలేదు, అంటలేదు.

మాట్లాడుకున్నారనుకునేరు. లేదు. వరహాలు మాటలు మానేసింది. బాగున్నావా లేదు, తిన్నావా లేదు. పొద్దుట వచ్చేది, గోడవైపు చూస్తూ "ఊఁ" అనేది, పనైపోగానే వెళ్ళిపోయేది. ఊళ్ళో ఎవరికీ సూరాయమ్మ చేతి సంగతి ఒక్క ముక్క తెలియనివ్వలేదు. కోపం కోపమే, పని పనే. మనుషుల్ని నేను చాలా వేళాకోళం చేశాను గానీ, ఇది మాత్రం నాకు అర్థం కాలేదు. నలభై రోజులు నేను మేకు మీద ఊగుతూ ఆ "ఊఁ" విన్నాను. నాకూ ఆ తడి దగ్గరే వెలగడం నేర్పిన వేలు అది. అందుకే ఒక్కసారీ తప్పలేదు.

కార్తీకమాసం చివర్లో సుజన పంపిన కొత్తది వచ్చింది. తొడుగులో ముచ్చటగా ఉంది, నాకంటే చురుకు. సూరాయమ్మ దాన్ని కళ్ళకద్దుకుని, ఈసారి బొట్టు పెట్టకుండా, స్టీలుమూత మీద పెట్టింది. ఇక వరహాలు రానక్కర్లేదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. వరహాలు ఆ రోజూ వచ్చింది. పీట వాల్చుకుంది. కొత్తదాని పచ్చదీపం వెలిగింది. వరహాలు దానివైపు చూడకుండా, తన లెక్కన తాను, "ఊఁ" అంది.

అప్పుడు జరిగింది. సూరాయమ్మ ఆ "ఊఁ" విని, వరహాలు మొహంవైపు చూస్తూ, రేకు కోసం చెయ్యి చాపింది. చెయ్యి రేకు మీద పడలేదు. పొయ్యి మీంచి అప్పుడే దింపిన నేతిగిన్నె అంచును పట్టుకుంది. పట్టుకుని అలాగే ఉంది. తెలియలేదు.

"వదినా, చెయ్యి!"

వరహాలు అరుపుకు కిటికీ మీది కాకి ఎగిరిపోయింది. ఒక్క ఊపున గిన్నె తోసేసి, ఆ చేతిని లాగి, నీళ్ళచెంబులో ముంచింది. నెయ్యంతా నేలపాలైంది. వేళ్ళు ఎర్రబడి బొబ్బలెక్కుతున్నాయి. వరహాలు వాటి మీద ఊదుతోంది, తిడుతోంది, మళ్ళీ ఊదుతోంది. నలభై రోజుల మాటలన్నీ ఒక్కసారే బయటికొచ్చాయి.

"కాలిపోయేది కదా! కళ్ళెక్కడ పెట్టుకున్నావొదినా! కాలిందని కూడా తెలవకపోతే ఎలాగే నీకు!"

"తెలవలేదే వరాలూ" అంది సూరాయమ్మ. ఆ మాట అనడానికి ఆవిడకు ఇన్నాళ్ళు పట్టింది. "నిజంగా నాకేం తెలవట్లేదే."

"తెలవకపోతే అడగొచ్చు కదా!" అంది వరహాలు. అని, చెంబులో ఉన్న ఆ చేతిని పట్టుకుని, పెద్దగా ఏడ్చింది. "అప్పుడే అడగొచ్చు కదొదినా నన్ను!"

ఇది జరిగి మూడేళ్ళయింది. నేనింకా మేకు మీదే ఉన్నాను. బ్యాటరీ ఎప్పుడో అయిపోయింది, పసుపు రాలిపోయి మొహం మళ్ళీ నల్లబడింది. కొత్తది తన స్టీలుమూత మీద బుద్ధిగా పచ్చదీపం వెలిగిస్తూనే ఉంది, దాన్ని చూసేవాళ్ళు లేరు. సుజన చేసిన అలాంటివి ఇప్పుడు ధాన్యం కొట్లలోనూ, మిరపకాయల గోదాముల్లోనూ పనిచేస్తున్నాయట. వినడానికి సంతోషంగా ఉంటుంది.

ఇక్కడ రేకుల గదిలో మాత్రం సూరాయమ్మ అడుగుతూనే ఉంటుంది. నెయ్యి వేడిగా ఉందా, గుడ్డ తడారిందా, నా కాలికేమైనా గుచ్చుకుందేమో చూడవే, ఈ గ్లాసు పట్టుకోవచ్చా అని పొద్దుటినుంచి సాయంత్రం దాకా వందసార్లు అడుగుతుంది. వరహాలు వందసార్లూ విసుక్కుంటుంది, వందసార్లూ చెబుతుంది.